హంసపాదు

ఒక్క అక్షరం జారిపోతే మనిషి ప్రాణం పోవచ్చునని ముప్పై ఏడేళ్లు అచ్చు కార్యాలయంలో చెబుతూ వచ్చాను. విన్నవాళ్లు దాన్ని ప్రూఫు దిద్దేవాళ్ల చాదస్తమన్నారు. ఉద్యోగ విరమణ చేసిన ఆరేళ్లకు, ఒక ఆదివారం ఉదయం, కాఫీ కప్పు పక్కన, నా మాటకు రుజువు దొరికింది.

రుజువు ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకం. దాన్ని తెచ్చి బల్ల మీద పడేసింది మా ఆడపడుచు. ఆమె దంతవైద్యురాలు. యాభై ఎనిమిదేళ్లు. మా ఇంటి పై అంతస్తులో ఉంటుంది. ఏడాదికొక కొత్త విద్య మొదలుపెడుతుంది. అది సగంలో ఉండగానే దాని సామానంతా నా అలమరలోకి చేరుతుంది. ఆ ఏటి విద్య స్కూబా డైవింగ్. ఊరి చివర, రాయి తీయడం ఆపేసిన పాత క్వారీ ఒకటి ఊటనీటితో నిండి ఉంది. అక్కడ ఒక శిక్షకుడు, వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున తిరగడం నేర్పుతాడు. పుస్తకం ఆయన అచ్చు వేయించినదే.

పెన్సిలు లేకుండా చదవడం నాకు చేతకాదు. పదిహేడో పేజీకి వచ్చేసరికి నలభై తప్పులు తేలాయి. అవన్నీ సిగ్గుపడి ఊరుకోదగినవి. నలభై ఒకటోది అలాంటిది కాదు. పేజీ నడుమ గడి కట్టి, లావు అక్షరాలలో ఇలా వేశారు: "మొదటి సూత్రం. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టండి."

"బిగబట్టకండి" అని ఉండవలసిన చోట. క లేదు.

అదే పుస్తకం పదకొండో పేజీలో కారణం కూడా ఉంది. పది మీటర్ల లోతున ఛాతీ నిండా పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. వదులుతూ వస్తే బుడగలై పోతుంది. బిగబడితే ఊపిరితిత్తిని చీలుస్తుంది. అంటే, మనిషి ఎలా చనిపోతాడో పదకొండో పేజీలో వివరించి, పదిహేడో పేజీలో అలాగే చేయమని బహువచనంతో, మర్యాదగా ఆదేశించారన్నమాట.

"అచ్చుతప్పేలే వదినా. చదివినవాళ్లకి తెలిసిపోతుంది," అంది మా ఆడపడుచు.

"తెలిసినవాళ్లకి పుస్తకం దేనికి?"

పత్రికకు ఉత్తరం రాస్తానన్నాను. ఆమె నా చేతిలోని పెన్సిలు లాక్కుంది. ఉత్తరం పడితే క్వారీకి తాళం పడుతుందనీ, తన కోర్సు మూడో పాఠంలోనే ఆగిపోతుందనీ, ముందు మనిషితో మాట్లాడి చూడమనీ వేడుకుంది. ఆమె వేడుకోవడం అరుదు. నోరు తెరవమని ఆజ్ఞాపించడం ఆమె వృత్తి. కనుక పత్రికను పక్కన పెట్టి, ఆమె వెంట క్వారీకి వెళ్లాను.

నాలుగు వైపులా మెట్లుమెట్లుగా కోసిన రాతిగోడలు. వాటి మీద డ్రిల్లు దిగిన చారలు, రూళ్ల కాగితాన్ని నిలబెట్టినట్టు. నడుమ ముదురాకుపచ్చ నీరు. ఒకప్పుడు లారీలు దిగిన దారి ఇప్పటికీ నీళ్లలోకి నడిచి వెళ్లి కనబడకుండా పోతుంది. పాత తూకం గదిని ఆఫీసు చేశారు. అందులో శిక్షకుడి భార్య కంప్యూటరు ముందు కూర్చుని ఎవరికో ఫోనులో తరగతుల వేళలు చెబుతోంది. ఆమె వెనుక గోడ వారగా మూడు అట్టపెట్టెలు. మూడింటి నిండా ఆ పుస్తకమే.

శిక్షకుడు పూర్వం ఓడరేవులో నీటి అడుగున వెల్డింగు చేసిన మనిషి. నాలుగు వేళ్ల వెడల్పున మీసం ఉంది. మీసం ఉన్న ముఖానికి డైవింగు మాస్కు అతుక్కోదు, సందుల్లోంచి నీరు కారుతుంది. అందుకని ప్రతి మునకకూ ముందు ఆయన మీసానికి వ్యాసలీను దట్టంగా పట్టిస్తాడు. నేను పదిహేడో పేజీ తెరిచి చూపినప్పుడు ఆ పనిలోనే ఉన్నాడు.

"పుస్తకం ఎవరు చదువుతారు మేడం? అంతా నేను నోటితో చెప్తాగా," అన్నాడు.

"చదవని పుస్తకాన్ని పంచడం దేనికి?"

ఇవ్వాలి కాబట్టి ఇస్తామన్నాడు. నాలుగేళ్లలో మూడు వందల మందికి ఇచ్చాడట, ఒక్కరూ అడగలేదట. వచ్చే నెల రెండో ఆదివారం కాలేజీ నుంచి నలభై మంది కొత్తవాళ్లు వస్తున్నారనీ, వాళ్లకూ ఇవే ఇస్తామనీ, ఏదో శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. చెబుతూ ఆఫీసు కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. ఎందుకు తగ్గించాడో అప్పుడు నాకు తెలియలేదు.

"ఒడ్డున కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు మేడం. దిగి చూసి చెప్పండి, అప్పుడు వింటా."

కోపం వస్తే నా గొంతు కూడా తగ్గుతుంది. ఆ తగ్గిన గొంతుతోనే, దిగి, కోర్సు పూర్తి చేసినట్టు కార్డు తీసుకుంటే ఏం చేస్తావని అడిగాను. ఆయన నా తెల్లజుట్టును, నా చేతిసంచిని, సంచిలోంచి తల ఎత్తి చూస్తున్న గొడుగును వరుసగా చూశాడు.

"ఆ రోజు మూడు పెట్టెలూ మీ ముందు పెడతా. ఎర్రపెన్ను కూడా నేనే కొనిస్తా."

కొత్తవాళ్లు రావడానికి అయిదు ఆదివారాలు ఉన్నాయి. ఆ నలభై మందికి ఆ పుస్తకం ఆ రూపంలో అందకూడదు. వైద్యుడి దగ్గరకు వెళ్లి గుండె, చెవులు, ఊపిరితిత్తులు పరీక్ష చేయించుకున్నాను. అరవై నాలుగేళ్ల మనిషివి ఇవి కావన్నాడు వైద్యుడు. మరెవరివని అడిగితే సంతకం పెట్టి కాగితం నా చేతికిచ్చాడు. పదేళ్ల వయసులో కాలువలో నేర్చిన ఈత ఎక్కడికీ పోలేదు.

మొదటి కష్టం నీటిలో రాలేదు, బట్టల్లో వచ్చింది. వెట్‌సూట్ అనే ఆ రబ్బరు తొడుగులోకి నన్ను దూర్చడానికి మా ఆడపడుచు అరగంట పెనుగులాడింది. పరుపును దిండు గలేబులో కుక్కుతున్నట్టు ఉందని ఆమె అంటే, పన్ను పీకించుకోవడం ఇంతకంటే సుఖమని నేనన్నాను. తర్వాత కాళ్లకు ఫిన్స్ తొడిగింది. వేళ్ల మధ్య చర్మం సాగిన నీటిపక్షి పాదాల్లాంటివి. వాటిని చూడగానే నా నోటికి వచ్చిన మాట వేరు.

"ఇవి హంసపాదులు."

శిక్షకుడికి అర్థం కాలేదు. రాతలో ఒక అక్షరం జారిపోయినప్పుడు, అది చేరవలసిన చోట పంక్తి కింద పెట్టే చిన్న గుర్తును హంసపాదు అంటారనీ, గుర్తు కింద పెట్టి, పోయిన అక్షరాన్ని పైన రాస్తారనీ చెప్పాను. ఆయన తన ఫిన్ పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. మరుసటి ఆదివారం నుంచి ఆఫీసులో అందరూ, "నలభై నంబరు హంసపాదులు ఎక్కడున్నాయి?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ నలభై నంబరువి మా ఆడపడుచువి. హంసకు అంత పెద్ద పాదం ఉండదన్నాను. పాదానికి తగ్గ నోరు మాత్రం మన కింది అంతస్తులో ఉందని ఆమె అంది.

నీటి అడుగున మాట ఉండదు. అంతా చేతి గుర్తులే. బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపితే బాగున్నానని అర్థం. బొటనవేలు పైకెత్తితే పైకి పోదామని అర్థం, అంతే. భేష్ అని కాదు. మా ఆడపడుచు ఈ తేడాను గౌరవించలేదు. ఒక చేప కనబడిందని సంతోషించి బొటనవేలు ఎత్తింది; శిక్షకుడు ఆమెను ఒడ్డుకు చేర్చాడు. మళ్లీ దిగాక, అంతా బాగుందని చెప్పడానికి ఎత్తింది. మళ్లీ ఒడ్డుకు చేర్చాడు. మూడోసారి ఆయనే అడిగాడు, డాక్టరు గారికి క్వారీ నచ్చలేదా అని. నాకు మాత్రం ఆ లోకం మొదటి రోజే నచ్చింది. ఒక గుర్తుకు ఒకే అర్థం ఉన్న చోటు నేను ఒడ్డున ఎన్నడూ చూడలేదు. నీటి కింద కూడా రాతిగోడల చారలు స్పష్టంగా కనబడేవి. చిన్న చేపలు వాటి వెంట పంక్తి తప్పకుండా ఈదేవి. ఫిన్ తగిలితే మాత్రం అడుగున ఉన్న రాతిపొడి లేచి, పేజీ మీద సిరా ఒలికినట్టు అంతా మాసిపోయేది.

మూడు ఆదివారాల్లో మాస్కులోకి నీరు నింపుకుని ముక్కుతో ఊది ఖాళీ చేయడం, నోట్లోంచి గాలి గొట్టం తీసి మళ్లీ పెట్టుకోవడం, పైకీ కిందికీ పోకుండా నీటి మధ్య నిలబడడం నేర్చుకున్నాను. చివరి పరీక్ష ఒకటే మిగిలింది. ఆరు మీటర్ల లోతున ఇనుప వేదిక ఉంది, దాన్నుంచి నీటి పైదాకా ఒక తాడు. సిలిండరులో గాలి అయిపోయిందనుకుని, అక్కడ పీల్చిన ఒకే ఒక్క శ్వాసతో నిదానంగా పైకి రావాలి. గొట్టం నోట్లోనే ఉంటుంది. దారి పొడవునా ఆ శ్వాసను కొంచెం కొంచెంగా వదులుతూ ఉండాలి. వదులుతున్నట్టు తెలియడానికి, గొట్టంలోకే "ఆ—" అంటూ రావాలి. అంటే, ఆ పరీక్ష మొత్తం మొదటి సూత్రమే.

నాలుగో ఆదివారం వేదిక మీంచి బయలుదేరాను. పక్కన శిక్షకుడు, ఒక చేత్తో తాడునూ ఒక చేత్తో నా సిలిండరు పట్టీనీ పట్టుకుని ఉన్నాడు. ఒక మీటరు దాటానో లేదో పట్టీ బిగిసింది. ఆయన నన్ను ఆపి, గాలి పీల్చుకోమని సైగ చేసి, మళ్లీ వేదిక మీదికి దించాడు. ఎందుకో తెలియలేదు. రెండోసారి కూడా అంతే. అప్పుడు ఆయన బొటనవేలు ఎత్తాడు.

ఒడ్డుకు వచ్చాక, "మీరు ఊపిరి బిగబట్టారు మేడం," అన్నాడు.

లేదన్నాను. పైనుంచి చూస్తున్న మా ఆడపడుచు మెల్లగా చెప్పింది: "ఒక్క బుడగా రాలేదు వదినా."

శిక్షకుడు మాస్కు తీసి, మీసంలోంచి నీరు పిండుకుని, ఎంతో శాంతంగా అన్నాడు: "పుస్తకంలో ఉన్నట్టే చేశారుగా."

ఇంటికి వచ్చే దారిలో, కారులో, గొడుగు పిడి పట్టుకుని ఆలోచించాను. మా కార్యాలయంలో మూలప్రతి చదివి వినిపించే మనిషిని నాకు ఎన్నడూ ఇవ్వలేదు. మూలమూ ప్రూఫూ ఒంటరిగానే పోల్చాలి. చూపు పంక్తి మారిపోకుండా నేను కనిపెట్టిన ఉపాయం ఊపిరి. పంక్తి మొదట్లో పీల్చి, చివరి అక్షరం దాటాక వదిలేదాన్ని. లక్షల పంక్తులు అలా చదివాను. క్వారీ తాడు మీద మీటరుకొకటి ఎర్రరంగు గుర్తు ఉంది. నా చూపు గుర్తు నుంచి గుర్తుకు పాకుతోంది. పంక్తి ఇంకా పూర్తి కాలేదు. కనుక ఊపిరి కదలలేదు. ఏ విద్యతో ఆ తప్పును పట్టానో, ఆ విద్యే నా చేత ఆ తప్పు చేయించింది. ఈ సంగతి మా ఆడపడుచుకు చెప్పినప్పుడు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సూది చూపిస్తే ఊపిరి బిగబట్టే రోగులు తనకు రోజుకు పది మంది వస్తారంది.

"వాళ్లని ఏం చేస్తావు?"

"వాళ్ల పిల్లల పేర్లు చెప్పమంటా. నోటికి పని ఉంటే ఊపిరి ఆగదు. నీకు ఉత్త 'ఆ' చాలదు వదినా, దానికి అర్థం లేదు. నువ్వు మరిచిపోలేని మాటేదైనా అను."

కారు మా వీధి మలుపు తిరుగుతుండగా ఇద్దరం ఒకేసారి అన్నాం. పోయిన అక్షరమే.

మిగిలింది ఒకే ఆదివారం. ఆ వారమంతా మా ఇంటి మెట్ల మీద అభ్యాసం చేశాను. కింది మెట్టు మీద శ్వాస పీల్చి, "కా—" అంటూ, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, పై అంతస్తు తలుపు వరకు. పైన మా ఆడపడుచు గడియారం పట్టుకుని నిలబడేది. రెండో రోజు మా ఆయన గదిలోంచి తల బయటపెట్టాడు.

"ఏమోయ్, ఇంట్లోకి కాకి దూరిందా?"

అభ్యాసమని చెప్పాను. ఆయన ఉన్నచోటే ఆలోచించి, కళ్లజోడు సర్దుకుని అన్నాడు: "కాకి హంసనడక నేర్చుకోబోయి ఉన్న నడక మరిచిపోయిందట. నువ్వేమో కాళ్లకి హంసపాదులు కట్టుకుని నోటితో కాకిలా అరుస్తున్నావు. రెండూ ఒకే పక్షిలో చూడడం ఇదే మొదలు."

"చూశారుగా. ఇక లోపలికి వెళ్లండి," అన్నాను. ఆయన వెళ్లలేదు. మర్నాటి నుంచి మెట్ల పక్కన కుర్చీ వేసుకుని, నా "కా" ఏ మెట్టు దగ్గర సన్నబడిందో చెప్పడం మొదలుపెట్టాడు. తొమ్మిదో మెట్టు దగ్గర ఎప్పుడూ సన్నబడేదట. నిజమే. మొదట్లోనే ఎక్కువ వదిలేస్తున్నాను. శుక్రవారానికి సరిచేసుకున్నాను.

అయిదో ఆదివారం నీరు అంతకుముందుకన్నా తేటగా ఉంది. వేదిక మీద మోకాళ్లూని కూర్చున్నాను. తల పైకెత్తితే ఆరు మీటర్ల పైన, వెలుతురు నలిగిన కాగితంలా కదులుతోంది. శిక్షకుడు సున్నా చూపాడు. నేనూ సున్నా చూపాను. తాడు వైపు చూడలేదు. శ్వాస పీల్చి, కాళ్లు కదిపి, గొట్టంలోకి ఆ అక్షరాన్ని వదిలాను.

నీటిలో క వినిపించదు. పళ్ల మధ్య రబ్బరు ఉన్నప్పుడు ఏ హల్లూ పలకదు. పుర్రెలో ఒక మూలుగు తిరుగుతుంది, అంతే. కాని నాకు తెలుసు అది క అని. బుడగలు చెవి పక్కనుంచి పైకి పరుగెత్తాయి. వాటిని దాటకుండా వెళ్లాలి, అది నియమం. నాలుగు మీటర్లు. మూడు. తొమ్మిదో మెట్టు ఇక్కడే ఉండాలనుకున్నాను. వింత ఏమిటంటే, గాలి తరగలేదు. వదులుతున్న కొద్దీ ఛాతీలో ఇంకా వస్తూనే ఉంది. పదకొండో పేజీ నిజం చెప్పింది. ఆ పేజీలో ఒక్క అచ్చుతప్పు కూడా లేదని అప్పుడు గుర్తొచ్చి, నీళ్లలోనే నవ్వు వచ్చింది. ఆ నవ్వు కూడా బుడగలుగానే పోయింది. తల వెలుతురులోకి వచ్చి గొట్టం నోట్లోంచి జారినప్పుడు, అక్షరం ఇంకా మిగిలి ఉంది. క్వారీ గోడలు నాలుగూ దాన్ని తిరిగి పలికాయి.

శిక్షకుడి మాస్కు సగం వరకు నీటితో నిండి ఉంది. నవ్వితే మీసం కదిలి కారుతుందట. ఆయన మాస్కు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మేడం, ఆ కేకకి నా మాస్కు మునిగింది. పెట్టెలు తీయిస్తా రండి."

తడిజుట్టుతో తూకం గదిలోకి వెళ్లాం. శిక్షకుడు, అన్న ప్రకారం, ఎర్రపెన్నులు నా చేతికిచ్చి మొదటి పెట్టెను బల్ల మీదికి ఎత్తుతుంటే, ఆయన భార్య కంప్యూటరు ముందు నుంచి లేచి ఏమిటని అడిగింది. పుస్తకం తెరిచి పదిహేడో పేజీ చూపాను. ఆమె చదివింది. మళ్లీ చదివింది. ముఖం ఎర్రబడింది. ఆ పుస్తకాన్ని ఫోన్ల మధ్య, అడిగేవాళ్ల మధ్య, ఆ బల్ల మీదే తానే టైపు చేసిందట. ఇది ఎప్పటి నుంచి తెలుసునని అడిగింది. నెల నుంచని శిక్షకుడు ఒప్పుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు బాధపడతావని."

"ఓహో. జనం ఊపిరితిత్తులు పగిలినా ఫర్వాలేదు, నేను బాధపడకూడదన్నమాట," అంది ఆమె. "పెన్ను ఇలా ఇవ్వండమ్మా."

ఆ మనిషి మీద నాకున్న కోపంలో చాలా భాగం అక్కడ పోయింది. ఆయన పుస్తకాన్ని కాదు కాచింది, ఆమెను. తప్పు తప్పే. కాని అందులో చదవదగిన పంక్తి ఒకటి ఉంది.

నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. హంసపాదు ఎలా పెట్టాలో చూపాను: ట్టకూ దాని పక్క సున్నకూ మధ్య, పంక్తి కింద చిన్న కోణం, పైన క. శిక్షకుడు మొదటి పది పుస్తకాల్లో దాన్ని తలకిందులుగా పెట్టాడు. అవి పక్కన పెట్టి మళ్లీ దిద్దించాను. మా ఆడపడుచు చేతిరాత మందుల చీటీ రాత. ఆమె క చూసి ఎవరైనా ఆ అనుకోవచ్చు, కనుక ఆమెకు పేజీలు తెరిచిపెట్టే పని ఇచ్చాను. శిక్షకుడి భార్య రాసిన క లు మాత్రం ముత్యాలు. చివరి పెట్టె అడుగు కనబడ్డాక ఆమె పాత విద్యార్థుల జాబితా తీసి, ఆ మూడు వందల మందికీ సవరణ పంపింది. పంపే ముందు సందేశాన్ని నాకు చూపింది. ఒక్క తప్పూ లేదు.

మరుసటి ఆదివారం కాలేజీ పిల్లలు నలభై మంది గట్టు మీద వరుసగా కూర్చున్నారు. చూడాలని వెళ్లాను. శిక్షకుడు నాలుగేళ్లలో మొదటిసారి పుస్తకం చేతిలోకి తీసుకుని, పదిహేడో పేజీ తెరవమన్నాడు. ఈ ఎర్ర అక్షరం ఏమిటని వెనుక వరుసలో ఒక అమ్మాయి అడిగింది.

"అదా? నువ్వు పైకి ప్రాణాలతో రావడానికి పెట్టిన అక్షరం," అన్నాడు ఆయన. "అందరూ శ్వాస తీసుకోండి. ఇప్పుడు దాన్ని వదులుతూ అనండి. కా—"

నలభై మంది అన్నారు. క్వారీ గోడలు మళ్లీ అన్నాయి. గట్టు పైన తుమ్మచెట్టు మీది నిజం కాకులు రెండు లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ కూర్చున్నాయి. మా ఆడపడుచు సంతోషం పట్టలేక నా వైపు బొటనవేలు ఎత్తింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె నాలుక కరుచుకుని, వేళ్లతో సున్నా చుట్టింది.

మిగిలిన తప్పులన్నీ పుస్తకంలో ఇంకా అలాగే ఉన్నాయి. వాటి సంగతి తరగతి అయిపోయాక శిక్షకుడితో ప్రస్తావించాను. ఆయన మీసానికి వ్యాసలీను పట్టిస్తూ, అవి చాలా లోతైన తప్పులు మేడం, వాటికి లోతు కోర్సు చేయాలన్నాడు. ముప్పై మీటర్లు. వచ్చే నెల మొదలు. దరఖాస్తు తెచ్చుకున్నాను. అందులో మూడు తప్పులున్నాయి.